గాజుకు పట్టు, లక్కకు కంబళి

పోయిన నెల కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు మాస్టరొకాయన మా ఇంటికి వచ్చాడు. "సార్, ఈ స్థిర విద్యుత్తు పాఠం నా పరువు తీస్తోంది. గాజుకడ్డీ రుద్ది రుద్ది భుజాలు పడిపోతున్నాయి గానీ ఒక్క కాగితం ముక్క కూడా లేవడం లేదు. పిల్లలు నవ్వుతున్నారు" అన్నాడు.

"కడ్డీ ఎండలో పెట్టినావా?" అని అడిగాను. పెట్టలేదు. "చేతులు కడుక్కున్నావా?" అంటే, అన్నానికి కూర్చోబెడతానేమో అన్నట్టు చూశాడు. ఆయనకు కాఫీ ఇచ్చి, చేతి జిడ్డు కడ్డీకి అంటకూడదని మొదలుపెట్టి తెలిసింది చెప్పి పంపాను. తర్వాత అనిపించింది, ఇవన్నీ ఒకచోట రాసిపెడితే మరో నలుగురి భుజాలైనా మిగులుతాయి కదా అని.

నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరు ఎన్నిసార్లు బదిలీ చేశారో రాయను. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. నిద్ర పట్టనివాళ్ళు చదువుకోవచ్చు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళలో ఒకే ఒక్క పాఠం నాకు నేర్పిన సంగతులు మాత్రం చెబుతాను.

ఆముదం కరెంటు

పంతొమ్మిది వందల ముప్పైలలో హిందూపురంలో నా మొదటి ఉద్యోగం. చేరిన మూడో నెలలో ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. వాన ముసురు పట్టి ఉంది. నేను కొత్త పంచె కట్టుకుని, ఎబొనైటు కడ్డీ, అంటే నల్లటి గట్టి రబ్బరు కడ్డీ పట్టుకుని, ముందు బెంచీలో అందరికంటే ఒత్తైన జుట్టున్న పిల్లవాణ్ణి పిలిచాను. వాడి తలకు కడ్డీని బాగా రుద్ది కాగితం ముక్కల మీద పెట్టాను. ముక్కలన్నీ గబుక్కున అంటుకున్నాయి. "చూశారా, ఇదే ఆకర్షణ!" అని ఎలుగెత్తి చెప్పాను.

ఇన్‌స్పెక్టరుగారు లేచి వచ్చారు. కడ్డీని నా చేతిలోంచి తీసుకుని దులిపారు. ముక్కలు రాలలేదు. ఊదారు. రాలలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇది విద్యుత్తు కాదయ్యా, ఆముదం" అన్నారు.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ఆ పిల్లవాడి తల్లి పొద్దున్నే గిన్నెడు ఆముదం తలకు పట్టించి పంపిందట! క్లాసు క్లాసంతా విరగబడి నవ్వింది. నాకు భూమి చీలితే బాగుండునని అనిపించింది. ఇన్‌స్పెక్టరుగారు మంచివారు, తానూ నవ్వి ఊరుకున్నారు. మా హెడ్మాస్టరు మాత్రం సాయంత్రం పిలిచి, "ఏమబ్బా, కరెంటు యాడ దొరికినా తెచ్చుకో. ఆముదం మాత్రం ఇంట్లోనే పెట్టి రా" అన్నాడు. ఆ మాట నేను బదిలీ అయ్యేదాకా అంటూనే ఉన్నాడు.

నవ్వులాటే అయినా అందులో నీతి ఉంది. చెడిపోయిన ప్రయోగం మేలు. ఎందుకు చెడిందని వెతుక్కుంటాం. తప్పు కారణం వల్ల నెగ్గిన ప్రయోగమే మనిషిని ముంచుతుంది. ఆ రోజు ఆయన వాసన చూడకపోతే నేను ఇంకో పదేళ్ళు ఆముదాన్ని విద్యుత్తని చెప్పేవాణ్ణి.

ఇంకో సంగతి. కోస్తా జిల్లాల్లో పనిచేసే నా స్నేహితులు ఈ పాఠం వస్తే తలపట్టుకునేవారు. అక్కడ గాలిలోనే నీళ్ళు. పుట్టిన విద్యుత్తు పుట్టినట్టే జారిపోతుంది. మనకు వానలు లేవని ఊరంతా ఏడుస్తుంటే, మాఘం నుంచి చైత్రం దాకా నా పాఠానికి మాత్రం పండగే. కరువు సీమలో పుట్టినందుకు ఒక్క లాభమైనా ఉండాలి కదా.

గంజి దిగిన కంబళి

పెనుకొండకు వచ్చేసరికి యుద్ధం మొదలైంది. మద్రాసు నుంచి సామాన్లు రావడం ఆగిపోయింది. బీరువాలో ఉన్న పరికరాలు విరిగిపోయాయి. సరే, మనమే చేసుకుందామని లక్క కరిగించి పళ్ళెంలో పోసి గట్టిపడనిచ్చాను. దాని మీద పెట్టడానికి ఒక ఇత్తడి మూత, మూతకు పిడిగా సీసా మెడ. లక్కను ఉన్నితో రుద్ది, మూత పెట్టి, మూతను ఒకసారి వేలితో తాకి పైకెత్తితే, వేలు దగ్గర పెట్టగానే చిటుక్కుమని నిప్పురవ్వ రావాలి.

ఉన్ని కోసం రొద్దం నుంచి వచ్చే గొర్రెల కాపరి హనుమప్ప దగ్గర కొత్త కంబళి కొన్నాను. ఎంత రుద్దినా రవ్వ రాదు. మరుసటి వారం అతనికి చెబితే నన్ను చూసి జాలిపడ్డాడు.

"కొత్తదాంట్లో యాడ వస్తాది అయ్యవారా? దానికి చింతగింజల గంజి పెట్టింటాము గదా. నా పాతది తీసుకో. చలికాలం మీదికి లాక్కుంటే చిటచిటా అంటాది."

ఎన్నో వానలకు తడిసి, ఎన్నో ఎండలకు ఎండి, గంజంతా దిగిపోయిన ఆ కంబళితో లక్కను నాలుగు దెబ్బలు కొట్టి మూత ఎత్తానో లేదో, అర అంగుళం రవ్వ లేచింది! నేను ఎగిరి గంతేశాను. హనుమప్ప నా కొత్త కంబళి కప్పుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరికీ లాభమే.

అక్కడి హెడ్మాస్టరుకు లెక్కలు తప్ప మరేదీ చదువు కాదు. కంబళి వాసనకు ముక్కు మూసుకుని, "ఇది ఇస్కూలా, గొర్రెల దొడ్డా?" అని కేకలేస్తూ వచ్చి, ఊరుకోకుండా మూత మీద వేలు పెట్టాడు. చిటుక్కుమంది. రెండడుగులు వెనక్కి దూకాడు. ఆయన వేలు చూసుకుని, చుట్టూ చూసి, "ఇంకోసారి సెయ్యి" అన్నాడు. ఆ తర్వాత ఊళ్ళోకి ఏ అధికారి వచ్చినా ముందు నా గదికే తీసుకొచ్చి వేలు పెట్టించేవాడు.

అయినా ఆయన ఒక మంచి ప్రశ్న అడిగాడు. "అంతా బాగుండాదప్పా. దీనివల్ల ఉపయోగమేమి?"

పిడుగుపాటు తప్పించే మొనదేలిన రాగికడ్డీ గురించి చెప్పాను. పెద్ద ఫ్యాక్టరీల పొగగొట్టాల్లో మసిని ఈ ఆకర్షణతోనే పట్టి ఆపుతారని చెప్పాను. పెట్రోలు మోసే లారీ కింద గొలుసు నేలకు రాసుకుంటూ ఎందుకు వేలాడుతుందో చెప్పాను. లారీ ఒంటి మీద చేరిన విద్యుత్తు ఆ గొలుసు గుండా భూమిలోకి పోకపోతే, ఒక్క రవ్వ చాలు. ఆయన తలూపాడు. చెబుతుండగానే నాకూ ఒక సంగతి తట్టింది. ఈ విద్యుత్తుతో లోకానికి ఉన్న పనిలో సగం దాన్ని పుట్టించడం కాదు, వదిలించుకోవడం. అది ఎంత నిజమో ధర్మవరంలో తెలిసింది.

కోడలి మీదికి లేచే దారం

ధర్మవరంలో మేము నారాయణప్ప అనే పట్టు నేతగాడి ఇంట్లో ముందు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. వెనక పెద్ద హాల్లో రెండు గుంటమగ్గాలు. ఒకదాని మీద నారాయణప్ప, ఒకదాని మీద కొడుకు ఓబులేసు. చిలపల్లోని, అంటే చుట్టలుగా కట్టి వచ్చే పట్టుదారాన్ని రాట్నం మీద కండెలకు చుట్టే పని నారాయణప్ప భార్య వెంకటలక్షమ్మది. ఆ ఏడు సంక్రాంతి దాటాక ఓబులేసు పెళ్ళాం కాపురానికి వచ్చింది. పేరు కామాక్షి. కంచిలో స్థిరపడిన మన తెలుగు నేతవాళ్ళ పిల్ల. చురుకైనది, పనిమంతురాలు. అత్త రాట్నం పక్కన కోడలికీ ఒక రాట్నం వేశారు.

నెల తిరిగేసరికి ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. సంగతి నాకు మా ఆవిడ శారద చెప్పింది. కామాక్షి చుట్టిన దారం మాట వినడం లేదట. పోగులు విడివిడిగా లేచి నిలబడతాయి, ఆ పిల్ల చేతికీ చీరకూ అతుక్కుంటాయి, చిక్కుపడి తెగుతాయి. చెవి పెడితే చిటచిటమని చప్పుడు కూడానట. అత్త చుట్టిన దారం మాత్రం బుద్ధిగా ఉంటుంది.

"దాని మీదికి దారం లేస్తాది. అది సూస్తే నాకు భయమేస్తాది" అని వెంకటలక్షమ్మ వీధిలో నలుగురికీ చెప్పింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ముప్పై ఏళ్ళుగా దారంతో బతికిన మనిషి. దారం అట్లా చేయడం ఎన్నడూ చూడలేదు. చూడనిదానికి దోషమని పేరు పెట్టింది. ఉగాది కాగానే ఒక పెళ్ళిచీర మొదలుపెట్టాలి. పసుపు ఒళ్ళు, ఎర్రంచు. ఇట్లాంటి శుభకార్యపు చీరకు ఆ పిల్ల చేయి తగలకూడదని, వచ్చి పిలుచుకుపొమ్మని కంచికి జాబు రాయించింది. చీర అయ్యేదాకానే అని అన్నారు గానీ, దారానికి దోషమని పుట్టింటికి పోయిన కోడల్ని మళ్ళీ ఎవరు, ఎప్పుడు పిలుస్తారు? ఆ మాట అందరికీ తెలుసు. ఓబులేసు మగ్గం గుంటలోంచి తల ఎత్తడం లేదు. కామాక్షి ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది.

"ఇరవై నాలుగ్గంటలూ కరెంటు కరెంటు అంటావు గదా, ఇప్పుడేమైనా చెయ్యి" అంది శారద.

నేను ఛాతీ విరుచుకుని వెనక హాల్లోకి వెళ్ళాను. నా జీవితంలో చేసిన పెద్ద తప్పుల్లో రెండోది అప్పుడే చేశాను. ఏమీ అడగలేదు, ఏమీ చూడలేదు. "ఇది స్థిర విద్యుత్తు. గాలి ఎండిపోవడం వల్ల వస్తోంది. తడి చేస్తే పోతుంది" అని తీర్పు చెప్పి, గోనెపట్టాలు నీళ్ళలో ముంచి రాట్నాల మీది దూలానికి వేలాడదీయించాను. అరగంటలో పట్టాల్లోంచి నీళ్ళు కారి, కింద పక్కపక్కన పెట్టిన ఎర్ర చిలప, పసుపు చిలప రెండూ తడిశాయి. ఎరుపు దిగి పసుపుకు అంటింది. పెళ్ళిచీర పట్టు అది!

నారాయణప్ప పరుగున వచ్చి చిలపల్ని పక్కకు లాగాడు. వెంకటలక్షమ్మ నావైపు తిరిగింది. "సదువుకున్న అయ్యవారు అంటే ఏమో అనుకుంటిమి. ఆ పిల్ల దారం తెంపె, నువ్వు దారం ముంచితివి. ఇద్దరికీ ఇద్దరే!"

పసుపు చిలపకు మళ్ళీ రంగు వేయించాల్సి వచ్చింది. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. గాలి అత్తకూ ఎండినదే, కోడలికీ ఎండినదే. మరి ఒకరి దారమే ఎందుకు లేస్తుంది? తరగతిలో ఏ పిల్లవాడైనా అడిగి ఉండేవాడు. నాకే తట్టలేదు. రోగం తెలియకముందే మందు పోసే వైద్యుడు ఊరికి చేటు, అయ్యవారు కూడా అంతే.

మూడో రోజు సెలవు. సిగ్గు చంపుకుని మళ్ళీ వెళ్ళాను. "అమ్మా, ఏమీ చెప్పను. ఏమీ ముట్టను. కూర్చుని చూస్తాను, అంతే" అన్నాను. వెంకటలక్షమ్మ ఒక పీట తోసింది, బాగా దూరంగా.

పొద్దుటి నుంచి అన్నాలవేళ దాకా చూశాను. అత్త ఎడమచేతి వేళ్ళ మధ్య దారాన్ని పట్టి కండెకు చుడుతోంది. కామాక్షి వేళ్ళతో పట్టడం లేదు. రాట్నం ముందు ఒక చిన్న కొయ్యకు ఏదో వేలాడదీసి, దాంట్లోంచి దారాన్ని దూర్చి లాగుతోంది. అందుకే ఆమె పని అత్త కంటే రెండింతలు వేగంగా సాగుతోంది.

"ఏమమ్మా అది?" అని అడిగాను.

"గాజు, అయ్యవారా. కంచిలో మేమంతా ఇట్లాగే చేస్తాము. వేలు కోసుకోదు, దారం నున్నగా వస్తుంది. ఆడ ఎప్పుడూ ఇట్లా కాలేదు" అంది భయపడుతూ.

గాజు! గాజులోంచి పట్టు! పదేళ్ళుగా ప్రతి ఏడూ నల్లబల్ల మీద "గాజును పట్టుతో రుద్దినప్పుడు" అని నా చేత్తో రాస్తున్నాను. పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. ఆ వాక్యం నా కళ్ళ ముందు రాట్నమై గిరగిరా తిరుగుతుంటే, అదే హాల్లో పీట మీద కూర్చుని ఒక పూటంతా గుర్తుపట్టలేకపోయాను. పగలబడి నవ్వాను. కామాక్షి బెదిరిపోయి చేయి ఆపేసింది. ముందు గదుల నుంచి శారద పరుగెత్తుకొచ్చింది.

నా మీద నాకే నవ్వు వచ్చిందని చెప్పి, సంగతి విడమరిచాను. గాజుకు పట్టు రాసుకుంటే ఒకదాని నుంచి ఒకదానికి విద్యుత్తు మారుతుంది. దారమంతా ఒకే రకం విద్యుత్తుతో నిండుతుంది గనుక పోగూ పోగూ ఒకదాన్నొకటి తోసుకుని నిలబడతాయి. దగ్గరకు ఏ మనిషి చేయి వచ్చినా దానికి అతుక్కుంటాయి. కంచి సముద్రానికి దగ్గర, అక్కడి తేమగాలిలో ఆ విద్యుత్తు నిలవదు. మన ఫాల్గుణం ఎండగాలిలో ఎక్కడికీ పోలేక దారాన్నే పట్టుకుని కూర్చుంటుంది. అత్త వేళ్ళకు చెమ్మ ఉంటుంది గనుక ఆమె దారం బుద్ధిగా ఉంది.

వెంకటలక్షమ్మ అంతా విని, "మాటలు సెప్పడానికేమప్పా, మొన్న కూడా సెప్తివి" అంది. న్యాయమే.

అప్పుడు కామాక్షి నోరు తెరిచింది. "అత్తా, నువ్వు నా రాట్నం మీద కూచో. నేను నీ రాట్నం మీద కూచుంటా."

నేను చెప్పవలసిన మాట ఆ పిల్ల చెప్పింది. ఒక్క సంగతి మార్చి, మిగతావన్నీ అట్లాగే ఉంచి చూడడం. ప్రయోగం అంటే అదే. దాన్ని ఏ పుస్తకమూ చదవని పిల్ల చేసి చూపింది.

అత్త గొణుగుతూనే వచ్చి కూర్చుంది. గాజులోంచి దారం దూర్చి పది నిమిషాలు చుట్టింది. కండె మీది పోగులు మెల్లగా ఒళ్ళు విరుచుకున్నాయి. కొస ఒకటి గాల్లోకి లేచి, అటూ ఇటూ ఊగి, వెళ్ళి ఆమె మోచేతికి అతుక్కుంది. విదిలించుకుంటే ఇంకోటి వచ్చి రవికెకు అతుక్కుంది.

"అయ్యయ్యో, నా మీదికి లేస్తాండాది! ఒరే ఓబులేసూ, నా మీదికి కూడా లేస్తాండాదిరా!"

ఓబులేసు మగ్గం గుంటలోంచి ఒక్క ఉదుటున పైకి వచ్చాడు. నెల రోజుల్లో అతను నవ్వడం అప్పుడే చూశాను. నారాయణప్ప, "అయితే నిన్ను గూడా మీ పుట్టింటికి పంపాల్నేమో" అన్నాడు భార్యతో. ఆమె కండె ఎత్తి కొట్టబోయింది. అవతలి రాట్నం దగ్గర కామాక్షి వేళ్ళ మధ్య దారం చక్కగా, చప్పుడు లేకుండా చుట్టుకుంటోంది. అందరం నవ్వుతుంటే ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. శారద కూడా ఏడ్చింది. నా కళ్ళ సంగతి నేను చెప్పను.

అయితే గాజు తీసేస్తే పని నెమ్మదిస్తుంది, మెత్తటి వేళ్ళు కోసుకుంటాయి. దానికీ దారి కామాక్షే వెతికింది. వెదురుపుల్లకు పాత నూలుగుడ్డ చుట్టి, నీళ్ళలో తడిపి, బలమంతా పెట్టి పిండింది. దారాన్ని గాజులోంచి కాక ఆ గుడ్డ మీదుగా పోనిచ్చింది. దారం తడవలేదు, పోగు లేవలేదు.

"చెమ్మ కావాల గానీ నీళ్ళు కాదు గదా, అయ్యవారా?" అంది.

"అంతేనమ్మా" అన్నాను. నేను కుండలకొద్దీ నీళ్ళు పోసి చెడగొట్టినదాన్ని ఆ పిల్ల ఒక పిండిన గుడ్డతో బాగుచేసింది. ఉపయోగమేమి అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

వారం తిరగకముందే ఆ వీధిలో సగం ఇళ్ళలో గుడ్డ చుట్టిన పుల్ల వచ్చింది. వెంకటలక్షమ్మ ఇంటింటికీ వెళ్ళి, "మా కోడలు సెప్పింది" అని చూపించి వచ్చేది. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు.

ఈ సంతోషంలో ఒక సంగతి అందరం మరిచిపోయాం. కంచికి రాసిన జాబు మరి వెళ్ళిపోయింది కదా. ఉగాదికి రెండు రోజుల ముందు, పాకాల రైలుబండి దిగి కామాక్షి తండ్రి నేరుగా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి. చేతిలో సంచి, ముఖంలో నెత్తురుచుక్క లేదు. దారి పొడుగునా ఏమేం ఊహించుకుని వచ్చాడో. గడప దగ్గరే నిలబడిపోయి, "చెల్లెమ్మా, పిల్ల ఏం తప్పు చేసినా నన్ను చూసి..." అని చేతులు జోడించబోయాడు.

వెంకటలక్షమ్మ బిత్తరపోయి నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. లోపల రాట్నం తిరుగుతూనే ఉంది. పుట్టింటి గొంతు వినపడితే ఏ కొత్త కోడలైనా చేతిలోది పారేసి పరుగెత్తుకొస్తుంది. కామాక్షి లేవలేదు. పెళ్ళిచీర పసుపు దారం వేళ్ళ మధ్య అట్లాగే పట్టుకుని, తల మాత్రం ఇటు తిప్పి, నవ్వింది.

"కూచో నాయనా. ఈ చిలప అయిపోతే లేస్తా."